కాలిపర్ కిట్టు వేయించుకున్నవాళ్లు బండి ఒకసారి తీసుకురండి

గత రెండు నెలల్లో మన ఏలూరు షాపులో ముందు డిస్క్ బ్రేకుకి కాలిపర్ కిట్టు (డిస్కుని పట్టే కాలిపర్ లోపల వేసే రబ్బరు సీళ్ల సెట్టు) వేసిన బళ్లు 14. ఆ 14 బళ్లనీ వెనక్కి పిలుస్తున్నాను. మళ్లీ విప్పి, సీళ్లు మార్చి, కొత్త బ్రేక్ ఆయిల్ పోసి ఇస్తాను. డబ్బు తీసుకోను. బండి తోస్తుంటే బరువుగా ఉన్నా, ముందు చక్రం దగ్గర కాలిన వాసన వస్తున్నా ఇక నడపకండి. ఫోన్ చేయండి, నేనే వస్తాను.

పది రోజుల క్రితం మన మాస్టారొకరు వచ్చి, "ముందు చక్రం పట్టేస్తోందయ్యా" అన్నారు. కిట్టు వేసి నెల కూడా కాలేదు. చక్రం పైకి లేపి తిప్పితే సగం చుట్టు కూడా తిరగలేదు. ఆయిల్ బయటికి వదిలే బ్లీడింగ్ నిపుల్ వదులు చేశాను. లివర్ దగ్గరుండే మాస్టర్ సిలిండర్లోనో, పైపులోనో ప్రెషర్ నిలిచిపోయి ఉంటే అప్పుడు చక్రం తేలికవ్వాలి. అవలేదు. కాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే స్లైడ్ పిన్నులు బాగానే జారుతున్నాయి. ప్యాడ్లని డిస్కు మీదికి నొక్కే పిస్టన్ బయటికి తీస్తే సీలు ఉబ్బి, గాడిలో పట్టకుండా ఉంది.

ఆ సీలు పని ఆయిల్ కారకుండా ఆపడం ఒక్కటే కాదు. లివర్ నొక్కితే పిస్టన్‌తో పాటు కాస్త వంగుతుంది, వదలగానే మళ్లీ సర్దుకుంటూ దాన్ని వెనక్కి లాగుతుంది. ఉబ్బితే ఆ పని చేయదు. ప్యాడ్లు డిస్కుని రాసుకుంటూనే ఉంటాయి, ఆయిల్ వేడెక్కుతుంది. కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ 230 డిగ్రీల దాకా తట్టుకోవాలి గానీ, చెమ్మ పీల్చింది 155కే మరగొచ్చు. మరిగిందంటే లివర్ లోపలికి పోతుంది, బ్రేకు పడదు.

మామూలు గ్రీజు తగిలినా ఈ రబ్బరు ఉబ్బుతుంది. అందుకే ముందు మా కుర్రాడిని కోప్పడ్డాను. తప్పు వాడిది కాదు. విప్పని కిట్టులోంచి ఒక సీలు, బండి కంపెనీ సీలు ఒకటి తీసి, విడివిడిగా రెండు గాజు గ్లాసుల్లో డాట్ 4 ఆయిల్ పోసి వేశాను. మూడో రోజుకి కంపెనీది అలాగే ఉంది. రెండోది ఎంత ఉబ్బిందంటే వెర్నియర్ పెట్టి కొలవక్కర్లేకపోయింది.

ఆ గ్లాసులు పట్టుకుని విజయవాడ ఆటోనగర్‌లో కిట్లు అమ్మిన హోల్‌సేల్ షాపుకి వెళ్లాను. తొమ్మిదేళ్లుగా అక్కడే కొంటున్నాను. ఆయన గ్లాసుల వంక కూడా చూడలేదు. "నీ కుర్రాళ్లకి పని రాదు, మా సరుకుకి ఏం కాలేదు" అన్నాడు, నలుగురి ముందు. ఇరవై రెండేళ్లుగా రెంచి పట్టుకున్న చేయి నాది. మిగిలిన కిట్లు ఆయన కౌంటర్ మీద పెట్టి వచ్చేశాను. ఆ డబ్బు అడగను, ఆ గుమ్మం ఇక ఎక్కను.

ఆ తర్వాత నాలుగు రోజులు మీకెవరికీ చెప్పలేదు. అది నా తప్పే, క్షమించండి. "కంప్లయింట్ వచ్చిన బండే బాగుచెయ్, అందరికీ చెప్తే షాపు పేరు పోతుంది" అన్నాడు మా బావ. నాకూ అదే టెన్షన్. రోజూ రాత్రి రిజిస్టర్ తీసి ఆ 14 పేర్లు చదివేవాడిని. అందులో రెండు వైపులా పాల క్యాన్లు కట్టుకుని తెల్లవారుజామునే బయల్దేరే ఆయన ఉన్నాడు. నైట్ డ్యూటీ ముగించుకుని హైవే మీద ఇంటికెళ్లే నర్సమ్మ ఉంది. నాలుగో రాత్రి ఇక ఉండబట్టలేదు, తెల్లారగానే ఫోన్లు మొదలుపెట్టాను.

ఇకనుంచి కంపెనీ కిట్టు తప్ప వేయను. పిస్టన్ తుప్పు పట్టి గుంటలు పడితే కాలిపర్ మొత్తం మార్చాల్సిందే. ఖర్చు ఎక్కువవుతుంది, తెలుసు. తక్కువ రేటు కిట్టే కావాలంటే మాత్రం నా చేత్తో వేయను, ఎంత పాత కస్టమర్ అడిగినా సరే.

11 మందితో మాట్లాడాను. మిగతా ముగ్గురి నంబర్లు కలవడం లేదు. మన షాపులో ఈ పని చేయించుకున్నవాళ్లు మీకు తెలిస్తే ఈ మాట వాళ్ల చెవిన వేయండి. ఈ ఆదివారం కూడా షాపు తెరిచే ఉంటుంది.