బెల్టు సరే, హుక్కు దేనికి తగిలించాలి?

సంపాదకులకు నమస్కారం.

అపార్టుమెంటుకు రంగులేస్తూ నాలుగో అంతస్తు నుంచి పడి చనిపోయిన కార్మికుడి వార్త గత వారం మీ జిల్లా పేజీలో చదివాను. సేఫ్టీ బెల్టు పెట్టుకోకపోవడమే ప్రమాదానికి కారణమని పోలీసులు చెప్పినట్టు చివర రాశారు. ఇలాంటి వార్త ఎప్పుడొచ్చినా ఈ వాక్యం ఉంటుంది, తప్పు పోయినవాడి మీదే పడుతుంది. మీరు వేసిన ఫొటోలో పరంజా స్పష్టంగా కనిపిస్తోంది. సరుగుడు బాదులు, కొబ్బరి తాళ్ల కట్లు, అంతే. మనిషి పడితే ఆపగలిగే చోటు అందులో ఒక్కటైనా ఉందా? బెల్టు పెట్టుకునే ఎక్కాడనుకుందాం, హుక్కు దేనికి తగిలించేవాడు? ఈ ప్రశ్న పోలీసులూ అడగలేదు, మీ విలేకరీ అడగలేదు. చదివి ఇన్ని రోజులైనా కోపం తగ్గక రాస్తున్నాను.

విశాఖ చుట్టుపక్కల నిర్మాణ సైట్లలో స్టోర్సు చూసి రిటైరైనవాణ్ణి. బెల్టులకు కొటేషన్లు తెప్పించడం, వచ్చిన సరుకు చూసి తీసుకోవడం, కూలీలకు ఇష్యూ చేయడం నా పనిలో భాగం. బెల్టు పేరుతో ఏం కొంటారో దగ్గర నుంచి చూశాను.

చాలాచోట్ల కొనేది నడుముకు కట్టుకునే వెడల్పాటి పట్టీ. స్తంభమెక్కిన లైన్‌మన్ వెనక్కి ఆనుకుని రెండు చేతులతో పని చేసుకోవడానికి అలాంటిది పనికొస్తుంది. పడేవాణ్ణి ఆపడానికి మాత్రం కాదు. పడినప్పుడు దెబ్బంతా పొట్ట మీదా వెన్నుపూస మీదా పడుతుంది, తలకిందులైతే మనిషి అందులోంచి జారిపోతాడు కూడా. ఆ పనికి నడుం బెల్టు వాడకూడదని అమెరికాలో 1998లోనే నిషేధించారు. మన ఊళ్లో హార్డ్‌వేర్ షాపుల్లో ఇప్పటికీ సేఫ్టీ బెల్టు అంటే చేతిలో పెట్టేది అదే. అడగాల్సింది ఫుల్ బాడీ హార్నెస్. అది భుజాలు, ఛాతీ, రెండు తొడలు చుట్టి పట్టుకుంటుంది, తాడు తగిలించే రింగు వీపు పైభాగంలో ఉంటుంది. హార్నెస్‌లకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 3521 ముద్ర, తయారైన తేదీ ఉన్న లేబుల్ కుట్టి ఉందో లేదో చూడందే తీసుకోకూడదు.

ఆ తర్వాత హార్నెస్ రింగుకూ హుక్కుకూ మధ్య ఉండే తాడు. దానికి షాక్ అబ్జార్బర్ ఉండాలి. అది మడతలు పెట్టి కుట్టిన పట్టీ. మనిషి పడగానే కుట్లు వరసగా తెగుతూ, ఒంటి మీద పడే జెర్కును 6 కిలోన్యూటన్లకు, అంటే దాదాపు 600 కిలోల బరువుకు మించకుండా ఆపుతుంది. రేటు తగ్గించమంటే సప్లయర్ మొదట తీసేసేది దీన్నే. అయితే అబ్జార్బర్ ఉన్నంత మాత్రాన అన్నిచోట్లా పనికిరాదు. తాడు 2 మీటర్లు, పట్టీ విప్పుకుంటే ఇంకో 1.75 మీటర్ల దాకా, వీపు రింగు నుంచి పాదాల వరకు మీటరున్నర, కింద ఖాళీ కనీసం ఒక మీటరు. అంటే హుక్కు తగిలించిన చోటు నుంచి నేలకు 6 మీటర్ల పైన ఎత్తుండాలి. మొదటి శ్లాబు మీద, నేలకు 3 మీటర్ల ఎత్తులో ఉన్నవాడు కాళ్ల దగ్గరి కడ్డీకి ఆ హుక్కు తగిలిస్తే తాడు ఆపేలోపే నేలకు కొట్టుకుంటాడు. అక్కడ తలపైన బిగించే రిట్రాక్టబుల్ బ్లాక్ ఇవ్వాలి, కారు సీటు బెల్టులా గుంజగానే పట్టేస్తుంది. పరంజా మీద అటూ ఇటూ తిరిగేవాడికి రెండు హుక్కుల తాడు కావాలి, ఒకటి తీసేటప్పుడు రెండోది పట్టుకుని ఉండాలి. ఉయ్యాల మీద కూర్చుని రంగులేసేవాడికైతే ఉయ్యాల తాడు కాక విడిగా ఇంకో రక్షణ తాడు (లైఫ్‌లైన్), అదీ వేరే చోట కట్టింది, దాని మీద జారుతూ వచ్చి పడినప్పుడు బిగుసుకునే రోప్ గ్రాబ్ ఉండాలి. పని చూడకుండా డజన్ల లెక్కన ఒకే రకం కొని పంచితే ఏం లాభం?

ఇక పాత హార్నెస్‌ల సంగతి. ఎండకు రంగు వెలిసి, కుట్లలో సిమెంటు గట్టిపడి, లేబుల్ మీద అక్షరం మిగలనివి నేను మేకుకు తగిలించి ఉండగా చూశాను. మా సముద్రపు గాలికి హుక్కు స్ప్రింగులు తుప్పు పట్టి, నాలుక పూర్తిగా మూసుకోదు. ఒక్కసారి మనిషిని ఆపిన హార్నెస్‌ను మళ్లీ వాడకూడదు, కోసి పారేయాలి. దాన్ని కడిగి మర్నాడు ఇంకొకరికి ఇచ్చిన సైట్లున్నాయి. శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో వచ్చిన బక్కపలచటి కుర్రాడికి లావుపాటి మనిషి సైజు ఇస్తే తొడ పట్టీలు మోకాళ్ల దాకా జారతాయి. కూర్చుని పని చేయడానికి అడ్డమని విప్పేస్తాడు. దాన్ని నిర్లక్ష్యమంటారు. సరైన సైజు ఇచ్చి, పట్టీకీ తొడకీ మధ్య అరచెయ్యి మాత్రమే దూరేలా బిగించి చూపించిన సూపర్‌వైజరు ఎంతమంది? పడి వేలాడుతున్నవాణ్ణి నిమిషాల్లో కిందికి దించకపోతే తొడల దగ్గర రక్తం ఆగి ప్రాణం పోవచ్చని, దించే ఏర్పాటు ముందే ఉండాలని ఎవరు చెబుతున్నారు?

మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవం వస్తే బ్యానరు కడతారు, ప్రతిజ్ఞ చేయిస్తారు, కొత్త హార్నెస్‌లు తొడిగించి ఫొటో తీస్తారు. ఫొటో అయ్యాక అవి కవర్లలోకి వెళ్లి స్టోరుకు తిరిగొచ్చేవి. పాడవుతాయని తాళం వేసి ఉంచమనేవారు, రిజిస్టరులో మాత్రం ఇచ్చినట్టు వేలిముద్రలు. టెండర్లలో భద్రతా సామగ్రికి విడిగా రేటు చూపించరు, తక్కువకు కోట్ చేసినవాడికే పని, వాడు మిగుల్చుకునేది ఇక్కడే. నిర్మాణ కార్మికుల సంక్షేమం పేరుతో కట్టడం ఖర్చులో 1 శాతం సెస్సు వసూలు చేయడానికి 1996లోనే చట్టం తెచ్చారు. కట్టడం ప్లాన్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు ఆ సెస్సు మరువకుండా కట్టించుకునేవాళ్లు పని మొదలయ్యాక సైటుకొచ్చి ఒక్క హార్నెస్ లేబుల్ తిప్పి చూడరు. తెలంగాణలో 2024 జులైలో గీత కార్మికులకు చెట్టు మీంచి పడకుండా కాపాడే కాటమయ్య రక్షణ కవచం కిట్లు ఇవ్వడం మొదలుపెట్టి, ఎలా వాడాలో శిక్షణ కూడా ఇచ్చారు. తాటిచెట్టు ఎక్కేవాడి విషయంలో చేయగలిగింది గోడకు రంగేసేవాడి విషయంలో ఎందుకు చేయలేరు?

మీ విలేకరులకు ఒక విన్నపం. ఈసారి ఇలాంటి వార్త రాసేటప్పుడు కాంట్రాక్టరుకూ, బిల్డరుకూ ఫోన్ చేసి అడగమనండి: ఇచ్చింది నడుం బెల్టా, ఫుల్ బాడీ హార్నెసా? బిల్లు ఉందా? హుక్కు తగిలించడానికి ఏ చోటు చూపించారు? చెప్పిన జవాబు వేయండి, చెప్పకపోతే చెప్పలేదని వేయండి. అంతవరకు బెల్టు పెట్టుకోలేదన్న వాక్యాన్ని పోలీసులు చెప్పారని అలాగే అచ్చు వేయకండి. ఆ పేపరు చదివేవాళ్లలో పోయినవాడి భార్యాపిల్లలు కూడా ఉంటారు.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టోర్సు ఉద్యోగి,
గాజువాక, విశాఖపట్నం