బీటీ, సీటీతో సరిపెట్టకండి

సంపాదకుడు గారికి,

మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి మండలం. రక్తం సరిగ్గా గడ్డకట్టని హిమోఫిలియా జబ్బు గురించి రాస్తున్నాను. మా అక్క కొడుక్కి ఏడేళ్ళు. పోయినేడు వాడికి పుచ్చిపన్ను తీయించడానికి దగ్గర్లోని ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే ముందు రక్తపరీక్ష చేశారు. బీటీ (చిన్న గాటు పెడితే రక్తం ఎంతసేపు కారుతుందో చూసేది), సీటీ (తీసిన రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చూసేది) రెండూ నార్మల్ అన్నారు. పన్ను తీసి, దూది పెట్టి పంపారు. రక్తం ఆగింది కూడా. అర్ధరాత్రి అక్క లేచి చూస్తే దిండంతా తడిసి ఉంది. తెల్లవారేదాకా దూది మారుస్తూనే ఉన్నాం. నెల్లూరు పెద్దాసుపత్రికి చేరేసరికి పిల్లవాడు పాలిపోయి, పలకడం మానేశాడు.

అక్కడ ఒక డాక్టరమ్మ అక్కను అడిగింది: "అమ్మా, నీ అన్నదమ్ముల్లో ఎవరికైనా ఇలా రక్తం ఆగకపోవడం ఉందా?" మా ఇద్దరికీ ఒకేసారి తమ్ముడు గుర్తొచ్చాడు. పదకొండేళ్ళప్పుడు చింతచెట్టు మీంచి పడ్డాడు. పైకి చిన్న గాయం కూడా లేదు. మూడో రోజు తలనొప్పి, వాంతులు. ఆ రాత్రే పోయాడు. అంతకుముందు వాడి మోకాలు ఊరికే వాచేది. బెణికిందనుకుని పసరుకట్టు కట్టించేవాళ్ళం, నూనె రాసి తోమేవాళ్ళం. అది కీలు లోపల కారుతున్న రక్తమని ఎవరికి తెలుసు?

మేనల్లుడికి చేసిన పరీక్ష పేరు ఏపీటీటీ, రక్తం గడ్డకట్టడానికి ఎన్ని సెకన్లు పడుతుందో ల్యాబులో కచ్చితంగా కొలిచేది. మామూలుగా ముప్పై, నలభై సెకన్ల మధ్య రావాల్సింది 78 వచ్చింది. తర్వాత ఫ్యాక్టర్ పరీక్షలో, రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్రొటీన్లలో ఒకటైన ఎనిమిదో ఫ్యాక్టర్ మామూలుగా ఉండాల్సిన దాంట్లో 3 శాతమే ఉందని తేలింది. జబ్బు పేరు హిమోఫిలియా ఏ. తొమ్మిదో ఫ్యాక్టర్ తగ్గితే హిమోఫిలియా బీ అంటారు.

మరి బీటీ, సీటీ ఎందుకు నార్మల్‌గా వచ్చాయి? బీటీ చూపించేది ముఖ్యంగా ప్లేట్‌లెట్ల పనితీరు. హిమోఫిలియాలో అవి బాగానే ఉంటాయి, గాయానికి మొదట అడ్డు పడతాయి. ఆ అడ్డును గట్టిపరిచే ఫ్యాక్టర్ లేక గంటల తర్వాత మళ్ళీ కారుతుంది. సీటీ మోటు పరీక్ష, ఫ్యాక్టర్ బాగా అడుగంటితే తప్ప తేడా చూపదు. అయినా ఆపరేషన్‌కు ముందు చాలాచోట్ల ఈ రెండూ రాసి ఊరుకుంటున్నారు. ఏపీటీటీ, దానిలాగే గడ్డకట్టే సమయాన్ని కొలిచే పీటీ కూడా ప్రతి ఏరియా ఆసుపత్రిలో చేయాలి. నీలం మూత గొట్టంలో రక్తం సరిగ్గా గీత దాకా తీసి, నాలుగు గంటల్లోపు పరీక్షించాలట. అందుకే ఈ సౌకర్యం దగ్గర్లో ఉండాలంటున్నాను.

పిల్లవాడికి మేనమామ పోలిక వచ్చిందని మురిసిపోతాం. ఈ జబ్బూ ఎక్కువగా ఆ దారినే వస్తుంది. తల్లి మోస్తుంది, కొడుకులకు వస్తుంది. మోసే తల్లికి పుట్టే ప్రతి కొడుక్కీ సగానికి సగం అవకాశం ఉంటుంది. ఇందులో ఆమె తప్పేమీ లేదు. మా అక్కను అత్తింటివాళ్ళు అన్న మాటలు ఇక్కడ రాయలేను. మేనరికం వల్ల వచ్చిందనేవాళ్ళూ ఉన్నారు. వేరే కొన్ని అరుదైన ఫ్యాక్టర్ లోపాలకు మేనరికం కారణం కావచ్చు గానీ, హిమోఫిలియా రావడానికి అది అక్కర్లేదు. దాదాపు మూడో వంతు మందికైతే వంశంలో ఎవరికీ లేకుండానే వస్తుంది. వంశంలో ఎవరికైనా ఉందా అని అడిగి వదిలేయకుండా పరీక్ష కూడా చేయాలనేది అందుకే.

ఇక వైద్యం సంగతి. ఫ్యాక్టర్‌ను నరానికి ఎక్కిస్తే రక్తం ఆగుతుంది. మావాడి బరువు 22 కిలోలు, ఒక 500 యూనిట్ల వయల్ వాడికి మంచి డోసు. పెద్దాసుపత్రిలో ఉచితంగానే వేశారు, అందుకు రుణపడి ఉన్నాం. కానీ కీలు వాచడం మొదలైన రెండు గంటల్లోపు పడితేనే కీలు దక్కుతుందన్నారు. మొన్న వాడి చీలమండ వాచింది. నెల్లూరు మాకు దాదాపు వంద కిలోమీటర్లు. బస్సు దొరికి, ఆటో ఎక్కి, ఓపీ చీటీ రాయించుకుని సూది పడేసరికి ఆరు గంటలు దాటింది. వాడిప్పుడు కుంటుతున్నాడు.

ఫ్యాక్టర్ వయల్స్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో టీకాలు ఉంచే ఫ్రిజ్ చలి కూడా అంతే. అంటే అలాంటి ఫ్రిజ్ ఒకటి చాలు, కొత్తగా గది ఏమీ కట్టక్కర్లేదు. ఉదయగిరి, ఆత్మకూరు, కావలి ఆసుపత్రుల క్యాజువాలిటీల్లో రాత్రీ పగలూ నాలుగేసి వయల్స్ ఉంచి, ఎక్కించడం నర్సులకు నేర్పమని జిల్లా అధికారులను కోరుతున్నాను. ఈ పిల్లలకు కండకు సూది వేయకూడదని, నొప్పికి ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ ఇవ్వకూడదని కూడా అక్కడ గోడ మీద రాసి పెట్టాలి.

2016 వికలాంగుల హక్కుల చట్టంలోని వైకల్యాల జాబితాలో హిమోఫిలియా పేరు ఉంది. వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో ఐదుగురు హిమోఫిలియా రోగులకు చేసిన జన్యుచికిత్స ఫలించిందని 2024 డిసెంబరులో చదివాం. అది మాదాకా వచ్చేలోపు మావాడి కీళ్ళు నిలబడాలి. వాడికి ఉదయగిరిలోనే ఫ్యాక్టర్ వేయించండి.

– ఒక మేనమామ,
ఉదయగిరి మండలం, నెల్లూరు జిల్లా