సమీక్ష అచ్చుకు పంపే ముందు

చిరంజీవి కార్తీక్‌కు,

అమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన సమీక్ష రెండుసార్లు చదివాను. ఎనభైల్లో వచ్చిన చదరంగం పుస్తకాన్ని ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం) ముందు పెట్టి, దొరికిన తప్పులన్నీ వరుసగా పేర్చావు. నీ ఓపికకు ముచ్చటేసింది. కానీ చివరి పేరాలో ఆ రచయితను కాపీరాయుడు అన్నావు చూడు, అక్కడ ఆగిపోయాను. ఆ మాటకు నువ్వు చూపిన రుజువల్లా నాలుగు బొమ్మలు ఒక పాత రష్యన్ పుస్తకంలోనూ ఉన్నాయనే కదా.

లుసెనా స్థితినే తీసుకో. ఏడో వరసకు చేరిన బంటు, దాని ముందు సొంత రాజు, తోడుగా ఒక ఏనుగు. అవతల ఒంటి ఏనుగుతో ఇంకో రాజు. ముగింపు ఆట నేర్పే ఏ పుస్తకంలోనైనా అది ఉంటుంది, లేకపోతేనే తప్పు పట్టాలి. పైగా 1497 నాటి స్పెయిన్ రచయిత లుసెనా పుస్తకంలో ఆ స్థితి లేనే లేదు. అది కనిపించేది 1634లో వచ్చిన సాల్వియో పుస్తకంలో. అయినా ఒకరి తర్వాత ఒకరు లుసెనా పేరే రాసుకుంటూ వచ్చారు. అజాగ్రత్త అందాం, సరే. దొంగతనం అనగలమా?

ప్రూఫులు దిద్దే మాకు ఒక అలవాటుంది. ఒప్పులు కలిస్తే పట్టించుకోం, తప్పులు కలిస్తే మాత్రం చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఒక పుస్తకంలో జారిపోయిన గడి సంఖ్య ఇంకో పుస్తకంలో అదే చోట అలాగే దిగిందంటే ఇక అడిగేదేముంది! నీ నాలుగు బొమ్మల్లో ఒక్కదాని కిందైనా రెండు పుస్తకాల్లోనూ ఒకే తప్పు ఎత్తు ఉందేమో వెతుకు. ఉంటే ఆ రెండు పేజీలనూ పక్కపక్కన అచ్చు వేయించు, నేను అడ్డు చెప్పను. లేకపోతే ఆ మాట కొట్టెయ్.

ఇక ఇంజిన్ సంగతి. ఆ రచయిత పుస్తకం రాసేనాటికి ఆయన దగ్గరున్నవి చెక్క బల్ల, కాగితం, తన బుర్ర. ఈరోజు నీ ఫోనులో ఉన్న స్టాక్‌ఫిష్ ఇంజిన్ ముందు అప్పటి ప్రపంచ చాంపియన్ల వ్యాఖ్యానాలు కూడా నిలవవు. అలాగని తప్పులు దాచమనడం లేదు. రెండెత్తుల్లో ఆటకట్టు కనిపిస్తున్నా చూడకపోవడం ఒకటి, ముప్పై ఎత్తుల లోతున యంత్రానికి మాత్రమే తోచేది ఇంకొకటి. నువ్వు రెండింటినీ ఒకే గాటన కట్టి మొత్తం లెక్క చెప్పావు. ఆ లెక్క చదివినవాళ్లకు ఆయన చేతకానివాడనే అనిపిస్తుంది.

నీ దగ్గర అమెరికా ఆటగాడు ఫిషర్ తన ఆటల మీద తానే రాసిన అరవై ఆటల పుస్తకం ఉంది కదా, 39వ ఆట తియ్యి. 1962, వార్నా చదరంగం ఒలింపియాడ్. ఒకవైపు సోవియట్ ఆటగాడు, ప్రపంచ చాంపియన్ బొట్విన్నిక్, మరోవైపు పందొమ్మిదేళ్ల ఫిషర్. బొట్విన్నిక్ ఇంట్లో సిద్ధం చేసుకొచ్చిన దారిలో ఒక మంత్రి ఎత్తు ఆయన కంటపడలేదు, ఫిషర్ సరిగ్గా అదే వేశాడు. ఆట వాయిదా పడింది. సోవియట్ బృందం రాత్రి కూర్చుని దారి వెతికింది. ఏనుగుల ముగింపు ఆటలో ఫిషర్‌దే పైచేయి అయినా చివరికి డ్రా అయింది. గెలవాల్సిన ఆటే అని ఫిషర్ పట్టు, కాదని బొట్విన్నిక్ పట్టు.

ఫిషర్‌కు బొట్విన్నిక్ మీద ఎంత కోపం ఉండేదో నీకు తెలుసు. అయినా పుస్తకంలో బొట్విన్నిక్ వ్యాఖ్యలను ఆయన మాటల్లోనే తన వ్యాఖ్యల మధ్య అచ్చు వేశాడు. తను ఒప్పుకోని చోట ఎత్తులిచ్చి చూపించాడు. రెండు పక్షాలూ ఒకే పేజీ మీద ఉన్నాయి కాబట్టే వాదన ముందుకు సాగింది. తర్వాత బొట్విన్నిక్ బడిలో చదువుకునే ఒక కుర్రవాడు ఫిషర్ విశ్లేషణలోనే లొసుగు కనిపెట్టాడు. ఆ కుర్రవాడు తర్వాత ప్రపంచ చాంపియన్ అయిన కాస్పరోవ్. అన్నట్టు ఆ అరవై ఆటల్లో ఫిషర్ ఓడినవి మూడు, డ్రాలు తొమ్మిది. తన గొప్ప చాటుకోవడానికే రాసినవాడు వాటిని చేర్చడు.

అదే ఫిషర్ తర్వాత ఎలా మాట్లాడాడో కూడా చూడు. 1995లో బాట్స్‌ఫర్డ్ సంస్థ ఆ పుస్తకాన్ని ఎత్తులు రాసే కొత్త సంకేతాల్లోకి మార్చి వేసింది. మారుస్తూ మారుస్తూ ఆయన రాతలోనూ వేలు పెట్టింది. బొల్బొచాన్‌తో ఆటలో ఫిషర్ చెప్పని "నాలుగెత్తుల్లో ఆటకట్టు" ఒకటి చేరింది, అదీ తప్పు. అడగకుండా ఒకరి పేరు మీద తప్పు అచ్చు వేయడం అన్యాయమే. ఫిషర్ ఫిర్యాదులో పస ఉంది. కానీ ఆయన దాన్ని తన మీద పన్నిన కుట్రగా చెబుతూ తిట్లకు దిగాడు, దాంతో అసలు విషయం పక్కకు పోయింది. ఆ కాలంలో ఆయన నోట వచ్చిన మిగతా మాటలు ఇక్కడ రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

టోనీ మైల్స్ సమీక్ష నువ్వే నాకు చెప్పావు, నవ్వుతూ. వింత ప్రారంభాల మీద ఎరిక్ షిల్లర్ రాసిన పుస్తకం గురించి రెండే రెండు మాటలు: "పచ్చి చెత్త". నేనూ నవ్వాను. మైల్స్ గ్రాండ్‌మాస్టర్, వింత ప్రారంభాలు తానే ఆడినవాడు. 1980లో అప్పటి ప్రపంచ చాంపియన్ కార్పోవ్ రాజు బంటు వేస్తే మొదటి ఎత్తుగా ఏనుగు ముందరి బంటును ఒక గడి జరిపి ఆయన్నే ఓడించాడు. ఆయన అంటే జనం విన్నారు. కానీ ఆ పుస్తకం కొనాలా వద్దా అని చూసే పాఠకుడికి ఏ పేజీలో ఏం పాడైందో ఆ రెండు మాటల్లో దొరకదు. నీ మూడో పేరా అచ్చం అదే ధోరణిలో ఉంది, మైల్స్‌కున్న పేరు మాత్రం నీకింకా రాలేదు.

కాస్పరోవ్ పూర్వ చాంపియన్ల మీద 2003 నుంచి సంపుటాలు తెచ్చినప్పుడు చదరంగం చరిత్రకారుడు ఎడ్వర్డ్ వింటర్ మూలాలు చెప్పలేదని గట్టిగానే నిలదీశాడు. ఏది ఎక్కడ తప్పో చూపించి మరీ అడిగాడు. నీకు నమూనా కావాలంటే ఆయన్ని చదువు. ఆయన కాఠిన్యం నాకు అన్నిసార్లూ నచ్చదనుకో, అది వేరే మాట.

ఇంకొకటి. ఆ రచయిత శిష్యుడి చేతిలో నువ్వు పోయిన టోర్నమెంటులో ఓడావు. సమీక్షకు దానికీ సంబంధం లేదని నువ్వంటావు, నేనూ నమ్ముతాను. అయినా ఆ సంగతి సంపాదకుడికి ముందే చెప్పు. పత్రికకు పంపే ముందు రచయితకూ ఒక ప్రతి పంపి, పది రోజులు గడువివ్వు. ఏదైనా జవాబిస్తే దాన్ని కత్తిరించకుండా చేర్చు.

ఆ తప్పుల పట్టిక నాకు పంపు. ఆదివారం బల్ల మీద పెట్టి, వాటిలో ఏవి మనిషి కంటికి అందేవో చూసి గుర్తు పెడతాను. నాన్న కూడా కూర్చుంటానన్నారు.

నీ
అమ్మ