ఒకే కాగితం, రెండు గొట్టాలు

మిత్రమా,

నీ ఉత్తరం అందింది. తొమ్మిదో తరగతి వారికి ఉపరితల వైశాల్యానికీ ఘనపరిమాణానికీ గల సంబంధం ఎంత చెప్పినా ఎక్కడం లేదని రాశావు. సూత్రాలన్నీ గడగడా అప్పజెప్పే పిల్లవాడే ట్యాంకులో పట్టే నీటిని చదరపు మీటర్లలో రాస్తాడు. ఆ బాధ నాకూ తెలుసు.

అందుకే ఈసారి నేను సుద్దముక్క పట్టుకోలేదు. రెండు ఏ4 కాగితాలు తీసుకుని, ఒకదాన్ని నిలువుగా, మరొకదాన్ని అడ్డంగా చుట్టి, అంచులు ఒకదానిపై ఒకటి ఎక్కకుండా టేపుతో అతికించి, దేనిలో మరమరాలు ఎక్కువ పడతాయని అడిగాను. కాగితం ఒకటే కాబట్టి సమానమేనని దాదాపు తరగతంతా తీర్మానించింది. అప్పుడు పళ్లెంలో పొట్టి గొట్టాన్ని నిలబెట్టి, దాని లోపల పొడుగు గొట్టాన్ని దించి, అంచు వరకు మరమరాలు పోసి, లోపలిదాన్ని మెల్లగా పైకి లాగాను. మరమరాలు జరజరా జారి సర్దుకున్నాక చూస్తే, పైన దాదాపు ఆరు సెంటీమీటర్లు ఖాళీ! వెనుక బెంచీల వారు కూడా లేచి వచ్చారు.

లెక్క ఆ తరువాతే వేయించాను. రెండింటి వక్రతల వైశాల్యం 623.7 చదరపు సెంటీమీటర్లే. పొడుగుదానిలో పట్టేది సుమారు 1,042 ఘనపు సెంటీమీటర్లు, పొట్టిదానిలో సుమారు 1,474. ఎత్తు లెక్కలోకి ఒక్కసారే వస్తుంది, వ్యాసార్ధం వర్గమై వస్తుంది. తేడా అంతా అక్కడే ఉంది.

మరునాడు దీన్నే తిరగేశాను. పానకానికి బెల్లం ఎందుకు దంచుతామని అడిగి, 10 సెంటీమీటర్ల బెల్లపు సమఘనాన్ని ఊహించుకోమన్నాను. దాని ఉపరితలం 600 చదరపు సెంటీమీటర్లు. ఒక్కో సెంటీమీటరు ఘనాలు వెయ్యి వచ్చేలా, ఒక్కో దిశలో తొమ్మిదేసి చొప్పున 27 కోతలు కోస్తే, ప్రతి కోతా వందేసి చదరపు సెంటీమీటర్ల కొత్త ముఖాలు రెండింటిని బయటపెడుతుంది. మొత్తం 6,000 అవుతుంది, బెల్లం మాత్రం రవ్వంత కూడా పెరగదు. నీటికి తగిలే ఉపరితలం పెరిగింది కాబట్టే దంచిన బెల్లం త్వరగా కరుగుతుంది. ఈ లెక్కను ఒక్కో చిన్న ఘనపు ఆరు ముఖాలను వెయ్యితో గుణించి చెప్పడం కంటే కోతలతో చెప్పడమే మేలని నాకు అనిపించింది, ఎందుకంటే పెరిగిన వైశాల్యం ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లలకు కళ్లకు కడుతుంది.

గంట కొట్టే వేళకు ఒక అమ్మాయి, కాగితాన్ని గుండ్రంగా చుట్టకుండా నలుపలకలుగా మడిస్తే ఎంత పడుతుందని అడిగింది. పొట్టి గొట్టాన్నే అలా మడిస్తే సుమారు 1,158 ఘనపు సెంటీమీటర్లేనని తేలింది. ఇప్పుడు వారంతా ఆరు పలకలుగా మడుస్తున్నారు, నా మరమరాల సంచీ ఖాళీ అవుతోంది.

నీ
మిత్రుడు