ఆల్టర్నేటర్ మార్చే ముందు ఓల్టేజీ కొలవండి

సంపాదకులకు నమస్కారం.

చిన్న విమానాల మరమ్మతు నా వృత్తి. బ్యాటరీకి ఛార్జింగ్ లేదనగానే ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే యంత్రం) విప్పేసి కొత్తది బిగించడం మా రంగంలో అలవాటైపోయింది. డబ్బు పోతుంది, అసలు లోపం అలాగే ఉండిపోతుంది.

ఆ మధ్య మా దగ్గరికి వచ్చిన ఒక శిక్షణ విమానానికి అప్పటికే రెండుసార్లు ఆల్టర్నేటర్, ఒకసారి దాని ఓల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ మార్చారు. అయినా అమ్మీటర్ ముల్లు కుదురుగా నిలవడం లేదు. ఓల్టేజీ మితిమీరితే ఆల్టర్నేటర్‌ను ఆపేసే ఓవర్‌ఓల్టేజ్ రిలే ఉన్నట్టుండి ట్రిప్ అయి ఛార్జింగ్ ఆగిపోతోంది. ఇంజిన్ ఆపి, మాస్టర్ స్విచ్ వేసి, మల్టీమీటర్‌తో బస్ బార్ (అన్ని పరికరాలకూ కరెంటు పంచే లోహపు పట్టీ) దగ్గర ఒకసారి, రెగ్యులేటర్‌లోకి కరెంటు వచ్చే తీగ దగ్గర ఒకసారి కొలిచాం. రెండూ దాదాపు ఒకేలా ఉండాలి. ఇక్కడ ఒక ఓల్టుకు పైనే తేడా! మధ్యలో ఉన్నవల్లా ఫీల్డ్ బ్రేకర్, మాస్టర్ స్విచ్, కొన్ని కనెక్షన్లు. స్విచ్‌లో ఆల్టర్నేటర్ వైపు కాంటాక్టులు నల్లగా మాడిపోయి ఉన్నాయి. అక్కడ ఓల్టేజీ పడిపోతుంటే, బస్‌లోనే తక్కువగా ఉందనుకుని రెగ్యులేటర్ ఫీల్డ్ కరెంటు (ఆల్టర్నేటర్‌లో అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించే కరెంటు) పెంచుతుంది. కరెంటు పెరిగితే ఆ కాంటాక్టుల దగ్గర ఇంకా పడుతుంది. ముల్లు ఊగేదీ, రిలే ట్రిప్ అయ్యేదీ అందుకే. స్విచ్ మార్చాక ఓల్టేజీ 14 ఓల్టుల దగ్గర కదలకుండా నిలిచింది.

అసలు ఛార్జింగే లేకపోతే ముందు ఫీల్డ్ టెర్మినల్‌కు ఓల్టేజీ వస్తోందా అని చూడాలి. వస్తుంటే ఆల్టర్నేటర్‌లో తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్‌లు అరిగాయేమో చూడాలి, రాకపోతే వైరు వెంట వెనక్కి వెతుక్కుంటూ పోవాలి. ఇంజిన్ అదురుకు ఆ సన్నని తీగ చివర్లో తెగుతుంటుంది. పైతొడుగు బాగానే ఉంటుంది కాబట్టి కంటికి కనపడదు, మెల్లగా లాగితే సాగుతుంది. హెడ్‌సెట్‌లో సన్నటి కూత వినిపించి, ఇంజిన్ వేగంతో పాటు పెరుగుతూ, ఆల్టర్నేటర్ స్విచ్ ఆపగానే పోతే ఆల్టర్నేటర్ లోపలి డయోడ్‌ను అనుమానించండి. అప్పుడు ఆల్టర్నేటర్ విప్పినా అర్థముంది.

పైలట్లకూ ఒక మనవి. లాగ్‌బుక్‌లో "ఆల్టర్నేటర్ పనిచేయడం లేదు" అని మాత్రమే రాస్తే మాకు దారి దొరకదు. ఓల్ట్‌మీటర్ ఎంత చూపించింది, ఆర్పీఎం ఎంత, అప్పుడు ఏ లైట్లు, ఏ రేడియోలు వేసి ఉన్నాయో రాయండి. బ్యాటరీతో పనిలేకుండా ఇంజిన్‌కు స్పార్క్ ఇచ్చే మాగ్నెటోలు ఉన్నాయి కదా, ఇంజిన్ ఆగదులే అని ప్రయాణం సాగించేవాళ్లను చూస్తే నాకు టెన్షన్‌గా ఉంటుంది. ఇంజిన్ ఆగదు, నిజమే. కానీ రేడియో, రాడార్‌కు విమానాన్ని గుర్తుపట్టించే ట్రాన్స్‌పాండర్, కొన్ని విమానాల్లో రెక్కల వెనుక ఉండే ఫ్లాప్స్ కూడా బ్యాటరీ ఉన్నంతసేపే పనిచేస్తాయి. గాల్లో ఛార్జింగ్ ఆగిపోతే చెక్‌లిస్టు ప్రకారం ఆల్టర్నేటర్‌ను ఒక్కసారి రీసెట్ చేయండి. మళ్లీ ట్రిప్ అయితే ముట్టుకోవద్దు, అవసరం లేనివన్నీ ఆపేసి దగ్గర్లోని ఎయిర్‌పోర్టులో దిగండి.

— ఒక విమాన మరమ్మతు టెక్నీషియన్