హేవలాక్ బ్రిడ్జి పాత ఫోటోలు ఉన్నాయా?

గ్రూప్‌లో అందరికీ నమస్కారమండి. నా రోజు మీకు తెలిసిందే కదా, పొద్దున్నే పేపర్లన్నీ ముందేసుకుని పాకెట్ కార్టూన్‌కి పాయింట్ వెతుక్కోవడం, సాయంత్రానికి బొమ్మ స్కాన్ చేసి పంపేయడం, ఆ తర్వాత టైమంతా పుస్తకాలదే. ఈమధ్య గౌతమీ గ్రంథాలయంలో కూర్చుని మన రాజమండ్రి పాత సంగతులే చదువుతున్నా, చదివేకొద్దీ బొమ్మలు వేయాలనిపిస్తోంది. 1881 డిసెంబర్‌లో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం చేయించింది మన ఊళ్ళోనే, వెలివేస్తామని బెదిరించినా ఆయన వెనక్కి తగ్గలేదు, ఎంత ధైర్యమండీ అది! ఆ బొమ్మ అయిపోయింది, రేపు పెడతా.

ఇప్పుడు హేవలాక్ బ్రిడ్జి వేస్తున్నా. 1900లో మొదలై 1997 దాకా రైళ్లు నడిచాయి దానిమీద, మనలో చాలామంది ఎక్కినవాళ్లమే, కిటికీలోంచి గోదాట్లో చిల్లర వేసినవాళ్లమే. రైలు వెళ్తున్నప్పటి ఫోటో ఎవరింట్లో అయినా ఆల్బమ్‌లో ఉంటే దయచేసి పెట్టండి, క్లియర్‌గా లేకపోయినా పర్లేదు, గడ్డర్లు స్తంభాలు కనిపిస్తే చాలు. అప్పట్లో రైల్వేలో పనిచేసిన పెద్దవాళ్లు ఎవరైనా ఉన్నా చెప్పండి, ఇంటికొచ్చి మాట్లాడతా.