వరద రోజుల్లో పాపికొండల టికెట్లు: ఈ సీజన్ నుంచి మారుతున్నవి, ఎందుకు మారుతున్నాయో

రాజమహేంద్రవరం నుంచి పాపికొండలకు మా దగ్గర టికెట్లు తీసుకునేవారందరికీ నమస్కారం.

"ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక కూడా లేదు, మరి ట్రిప్పు ఎందుకు ఆపారు?" మాకు వచ్చే ఫోన్లలో ఎక్కువగా వినిపించే ప్రశ్న ఇది. డబ్బు కట్టి, సెలవు పెట్టుకుని, పిల్లల్ని వెంటేసుకుని రైలెక్కాక ట్రిప్పు లేదంటే కోపం రావడం న్యాయమే. అందుకే ఈసారి నిబంధనలతో పాటు వాటి వెనక లెక్క కూడా చెబుతున్నాం.

కొండలకు దిగువనున్న ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక వేళకు దాదాపు 10 లక్షల క్యూసెక్కులు (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు) సముద్రంలోకి పోతుంటాయి. ఆ హద్దులు ఏటిగట్ల కోసం, లంక గ్రామాల కోసం పెట్టినవి, బోట్ల కోసం కాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగినప్పుడు గోదావరిలో ప్రవాహం 5 లక్షల క్యూసెక్కుల దరిదాపుల్లో ఉంది. అంటే మొదటి హెచ్చరికకు సగమే. బోటులో ఉన్న 77 మందిలో 26 మందే బతికి బయటపడ్డారు. మునిగిన బోట్లు వెలికితీసే ధర్మాడి సత్యం బృందం ఆ బోటును పైకి లాగేసరికి అక్టోబరు 22 వచ్చింది.

కొండల మధ్యకు వచ్చేసరికి నది ఒక్కసారిగా ఇరుకైపోతుంది. అంత నీరూ ఆ సందులోంచే పోవాలి కాబట్టి వేగం పెరుగుతుంది, మలుపుల్లో సుడులు లేస్తాయి. కచ్చులూరు మందం అని పిలిచే నది మలుపు అలాంటి చోటే. ఎదురెక్కే బోటు ఇంజిను బలమంతా ప్రవాహాన్ని నెట్టుకుపోవడానికే సరిపోతుంది, చుక్కాని తిప్పినా బోటు వెంటనే తిరగదు. ముక్కు పక్కకు మళ్లిందంటే నీరు బోటును అడ్డంగా కొడుతుంది. అదే సమయంలో పై డెక్కు మీదివాళ్లు ఒక వైపుకు పరిగెడితే సరంగు (బోటు నడిపేవాడు) ఎంత అనుభవజ్ఞుడైనా చేయగలిగింది ఉండదు.

అందుకని మా హద్దు మేం పెట్టుకున్నాం. ధవళేశ్వరం నుంచి వదిలే నీరు 2 లక్షల క్యూసెక్కులు దాటితే, బోటుకు అనుమతి ఉన్నా మేం టికెట్టు అమ్మం. అంతకు తక్కువ ఉన్నా, ఎగువన పెరుగుతున్నట్టు కనిపిస్తే ఆ రోజు ట్రిప్పు వాయిదా వేస్తాం.

ఎగువన అంటే భద్రాచలం ఒక్కటే చూస్తే పొరపాటు. అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని టీవీల్లో చెబుతుంటారు, అందరికీ తెలిసిందే. ఉపనది శబరి మాత్రం భద్రాచలం దాటాక కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఛత్తీస్‌గఢ్, ఒడిశా అడవుల్లో కుంభవృష్టి కురిస్తే భద్రాచలం గేజీ కదలకపోయినా పాపికొండల్లో నీరు పెరుగుతుంది. కాబట్టి శబరి మీద కొంటా దగ్గరి మట్టం కూడా రోజూ రెండు పూటలా చూస్తాం. ధవళేశ్వరం లెక్క కొండల్లోంచి అప్పటికే దాటిపోయిన నీటిది. రాబోయే నీరెంతో భద్రాచలం, కొంటా చెబుతాయి.

రేవు సంగతి వేరు. పోలవరం కాఫర్ డ్యామ్ (ప్రాజెక్టు పనుల కోసం నదికి అడ్డంగా వేసిన తాత్కాలిక కట్ట) వచ్చాక నీరు వెనక్కి ఎగదన్ని దేవీపట్నం మునిగింది, ఇప్పుడు బోట్లు గండిపోచమ్మ గుడి దగ్గర నుంచి కదులుతున్నాయి. వరదకు ఆ గుడీ, అక్కడికి వెళ్లే దారీ కూడా మునుగుతాయి. నీరు తగ్గిన మొదటి రెండు మూడు రోజులు రేవు మెట్ల మీద ఒండ్రు పేరుకుని ఉంటుంది. పెద్దవాళ్లు జారి పడేది అక్కడే. ఒండ్రు కడిగి, ఎక్కే పలకకు తాడు పట్టు కట్టేదాకా మా వ్యాన్లు బయల్దేరవు. పోచవరం వైపు నుంచి ఎక్కుతామనేవారు కూనవరం, వి.ఆర్.పురం రోడ్డు తెరిచి ఉందో లేదో విడిగా కనుక్కోవాలి. శబరి ఎగదన్నితే రేవు కంటే ముందు రోడ్డే మూసుకుపోతుంది.

బోటు లోపల రెండు మార్పులు. 2018 మేలో వాడపల్లి దగ్గర లాంచీ గాలివానకు తిరగబడినప్పుడు, వాన పడుతోందని తలుపులు మూసి ఉండడంతో లోపలివారు బయటికి రాలేకపోయారు. కాబట్టి వాన ఎంత కొట్టినా కింది డెక్కు పక్కలు మూయనివ్వం. తడుస్తారు, ఒక జత బట్టలు ఎక్కువ తెచ్చుకోండి. రెండోది లైఫ్ జాకెట్. ఉక్కపోస్తోందని బకిల్ వదిలేసి భుజాన వేసుకుంటే, నీళ్లలో పడగానే అది పైకి జారి తల మీంచి ఊడిపోతుంది. రెండు బకిళ్లూ బిగించాక భుజాల దగ్గర పట్టి పైకి లాగితే గడ్డం దాటి రాకూడదు. పిల్లల జాకెట్ బరువును బట్టి ఇస్తాం, అందుకే బుకింగులో పిల్లల బరువు అడుగుతున్నాం.

రేవు దగ్గరి కంట్రోల్ రూమ్‌లో ప్రయాణికుల జాబితా ఇవ్వడం, మనుషుల్ని లెక్కపెట్టడం మంచి ఏర్పాట్లు, వాటికి మేం పూర్తిగా కట్టుబడతాం. అయితే ఎన్నో జిల్లాల మీదుగా వచ్చే నీటికి ఒక్క రేవు దగ్గరి తనిఖీ చాలదన్నది మా అభిప్రాయం. బోట్ల కోసం విడిగా ఒక ప్రవాహ హద్దు ప్రకటించాలి. నీటితో పాటు లేచి దిగే తేలియాడే జెట్టీలు కావాలి. సెల్ సిగ్నల్ లేని కొండల మధ్య ప్రతి బోటులో వైర్‌లెస్ ఉండాలి. గండిపోచమ్మకు మునగని రోడ్డు పడితే పర్యాటకులకే కాదు, వరదలో చిక్కుకునే కొండరెడ్ల గూడేలకు బియ్యం, మందులు చేరడానికీ అదే దారి అవుతుంది. వరద ముదిరితే అధికారులు సహాయక పనులకు తీసుకునేదీ ఈ బోట్లనే. మంచి రేవు, మంచి బోటు రెండు అవసరాలకూ పనికొస్తాయి.

డబ్బు విషయం. జూలై నుంచి అక్టోబరు దాకా తేదీలకు మొత్తం సొమ్ము ముందుగా తీసుకోం, సీటుకు 200 రూపాయలు అడ్వాన్సు చాలు. మేం ఆపితే అదీ, మీరు కట్టినదంతా మూడు రోజుల్లో వాపసు. మీ రైలు, హోటల్ ఖర్చు మేం భరించలేం, ఆ మాట ముందే చెబుతున్నాం. సీట్లు తగ్గించి ఎక్కిస్తున్నందున టికెట్టు 150 రూపాయలు పెరిగింది. ట్రిప్పు ముందు రోజు సాయంత్రం 6 గంటలకు భద్రాచలం, కొంటా, ధవళేశ్వరం అంకెలతో మీకు మెసేజ్ వస్తుంది. అది వచ్చేదాకా ఊరు కదలకండి.